సర్వేని నమ్మాలా, హామీని నమ్మాలా? బ్రిటన్ ఎన్నికల ముందు రెండూ కలిపి చదవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. లండన్ దగ్గరి స్లౌ పట్టణంలో ఒకే ఇంట్లో మీరు నలుగురు తెలుగువాళ్లు ఉంటున్నారు. "సర్వేలు ఎప్పుడూ తప్పే, మేనిఫెస్టో చదివి ఓటెయ్యాలి" అని ఒకరంటారు. "హామీలన్నీ నీటి మీద రాతలు, సర్వేలో ముందున్నవాళ్లే గెలుస్తారు, ఇక మన ఓటెందుకు" అని ఇంకొకరంటారు. ఇద్దరిలో ఎవరి మాట సరైనది, ఇండియన్ పాస్‌పోర్ట్‌తో వీసా మీద ఉన్న మనకు అసలు ఈ వాదన అవసరమా అన్నది మీ సందేహం.

చివరి దానికి ముందు జవాబు చెప్తాను. అవసరమే. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. ఇండియా కామన్వెల్త్ దేశం. కాబట్టి స్టూడెంట్ వీసా కానివ్వండి, స్కిల్డ్ వర్కర్ వీసా కానివ్వండి, డిపెండెంట్‌గా వచ్చినవాళ్లు కానివ్వండి, వయసు వచ్చిన ప్రతి ఒక్కరూ ఓటరుగా నమోదు కావచ్చు. ఫ్రాన్స్ నుంచో జర్మనీ నుంచో వచ్చి మీ పక్క సీట్లో పనిచేస్తున్న వ్యక్తికి ఈ హక్కు లేదు. మనవాళ్లలో ఎంతోమంది ఈ సంగతి తెలియకుండానే ఏళ్లు గడిపేస్తున్నారని చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

ఇక మీ స్నేహితుల వాదన. సర్వేల డేటాను సరిచూసి వెయిటింగ్ కట్టే (అడిగినవాళ్ల కూర్పు దేశ జనాభాకు సరిపోయేలా దిద్దే) పనిలో నేను ఇక్కడ చాలా కాలంగా ఉన్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. సర్వే వేరు, హామీ వేరు అనుకుంటున్నారు. ఈ దేశంలో హామీ సర్వే నీడలోనే పుడుతుంది. గెలుపు ఖాయమని సర్వేలు చెప్తున్న పార్టీ "మేం ఫలానాది చెయ్యం" అనే హామీలు ఎక్కువ ఇస్తుంది. ఓడిపోతుందని తెలిసిన పార్టీ డబ్బు లెక్క చూసుకోకుండా పెద్దపెద్ద మాటలు చెప్తుంది. హంగ్ పార్లమెంటు వస్తుందన్నప్పుడు, రేపు కూటమి బేరంలో వదులుకోవచ్చులే అన్న ధీమాతో అందరూ నాలుగు హామీలు ఎక్కువే రాస్తారు. అందుకే ఏ హామీ చదివినా, అది ఇచ్చిన రోజున ఆ పార్టీ సర్వేల్లో ఎక్కడుందో ముందు చూడండి. సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

2010 చూడండి. లిబరల్ డెమోక్రాట్లు అప్పటికి దశాబ్దాలుగా మూడో స్థానంలో ఉన్న పార్టీ. యూనివర్సిటీ ఫీజుల పెంపుకు వ్యతిరేకంగా ఓటేస్తామని వాళ్ల అభ్యర్థులు విద్యార్థి సంఘం పత్రాల మీద సంతకాలు పెట్టి ఫొటోలు దిగారు. సొంతంగా అధికారంలోకి రాని పార్టీకి అలాంటి సంతకం పెట్టడం తేలిక. తీరా హంగ్ వచ్చింది. 57 సీట్లతో వాళ్లు కన్జర్వేటివ్‌లతో కలిసి ప్రభుత్వంలో చేరారు. అదే ఏడాది డిసెంబరులో ఫీజు పరిమితిని సుమారు 3,300 పౌండ్ల నుంచి 9,000 పౌండ్లకు పెంచే ప్రతిపాదనకు వాళ్ల మంత్రులే ఓటేశారు. నాయకుడు నిక్ క్లెగ్ 2012లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఓటర్లు క్షమించలేదు. 2015లో ఆ పార్టీకి మిగిలింది 8 సీట్లు.

2015లో ఇంకోలా జరిగింది. ఐరోపా సమాఖ్యలో ఉండాలా వద్దా అన్నదానిపై రెఫరెండం పెడతానని కన్జర్వేటివ్ ప్రధాని డేవిడ్ కామెరాన్ 2013 జనవరిలోనే మాటిచ్చారు, మేనిఫెస్టోలోనూ రాశారు. పోలింగ్ ముందురోజు దాకా సర్వేలన్నీ కన్జర్వేటివ్, లేబర్ సమానంగా ఉన్నాయనే చెప్పాయి. మళ్లీ కూటమే వస్తుందని, ఆ బేరంలో ఈ హామీ జారిపోతుందని అప్పట్లో చాలామంది లెక్కవేశారు. తెల్లారేసరికి కన్జర్వేటివ్‌లకు సొంత మెజారిటీ వచ్చింది. ఇక తప్పించుకునే దారి లేదు. 2016 జూన్ 23న ఓటింగ్ జరిగింది, 51.9 శాతం మంది బయటికి పోదామన్నారు. సర్వేలు తప్పడం వల్ల ఒక హామీ నెరవేరిపోయి దేశం దారే మారిపోయిన సందర్భమిది. సర్వేలకూ హామీలకూ సంబంధం లేదనేవాళ్లకు నేను మొదట గుర్తుచేసేది దీన్నే.

అయితే 2017 ఎన్నికే నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది, ఎందుకంటే ఇప్పటి పార్టీలన్నీ దాని నుంచి పాఠం నేర్చుకున్నాయి, అదీ తప్పుడు పాఠం. ఏప్రిల్‌లో అప్పటి ప్రధాని, కన్జర్వేటివ్ నాయకురాలు థెరిసా మే ఎన్నిక ప్రకటించినప్పుడు కొన్ని సర్వేల్లో ఆమెకు 20 పాయింట్ల ఆధిక్యం ఉంది. ఆ ధైర్యంతో మేనిఫెస్టోలో ఒక కష్టమైన నిజం రాశారు. వృద్ధుల సంరక్షణకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అన్న ప్రశ్నకు జవాబది. ఇంట్లోనే సంరక్షణ పొందేవాళ్ల విషయంలో కూడా వాళ్ల ఇంటి విలువను లెక్కలోకి తీసుకుంటామని, చివరికి లక్ష పౌండ్ల ఆస్తి మాత్రం వాళ్లకు మిగిలేలా చూస్తామని, బాకీ మరణం తర్వాత వసూలు చేస్తామని దాని సారాంశం. ప్రతిపక్షాలు దానికి "డిమెన్షియా ట్యాక్స్" అని పేరు పెట్టాయి. ఇంగ్లండ్‌లో మధ్యతరగతి కుటుంబానికి ఇల్లే సర్వస్వం, పిల్లలకు ఇచ్చిపోయేది అదొక్కటే. నాలుగు రోజుల్లో ఆమె వెనక్కి తగ్గి, ఖర్చుకు గరిష్ఠ పరిమితి పెడతామన్నారు. పైగా "ఏమీ మారలేదు" అన్నారు. ఆ మాటే ఎక్కువ నష్టం చేసింది. జూన్ 8న ఓట్లు లెక్కపెడితే కన్జర్వేటివ్‌లకు 42.4 శాతం, లేబర్‌కు 40 శాతం. 317 సీట్లతో మెజారిటీ పోయింది. ఉత్తర ఐర్లండ్‌కు చెందిన డీయూపీ పార్టీ పది సీట్ల మద్దతు తీసుకుని, ఆ ప్రాంతానికి వంద కోట్ల పౌండ్లు అదనంగా ఇచ్చి ప్రభుత్వం నడపాల్సి వచ్చింది.

దాన్నుంచి పార్టీలు నేర్చుకున్న పాఠం ఏమిటంటే, ఆధిక్యంలో ఉన్నప్పుడు నిజం చెప్పకూడదని. వృద్ధుల సంరక్షణ సమస్య ఇప్పటికీ అలాగే ఉంది. ఆ రంగంలో పనిచేయడానికి మన ఊళ్ల నుంచి కూడా కేర్ వర్కర్లుగా వచ్చినవాళ్లున్నారు. వాళ్ల జీతాలు అంత తక్కువగా ఉండటానికీ, ఎన్నికల ముందు ఎవరూ ఈ సంగతి ఎత్తకపోవడానికీ సంబంధం ఉంది.

ఆ పాఠం 2024లో పూర్తిగా అమలైంది. లేబర్ చాలా కాలంగా సర్వేల్లో 20 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. ఆధిక్యం పోగొట్టుకోకూడదన్నదే వాళ్ల తాపత్రయం. అందుకే ఆదాయపు పన్ను రేట్లు పెంచం, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతాల మీద ఉద్యోగి, యజమాని ఇద్దరూ కట్టే సామాజిక భద్రతా చందా) పెంచం, వ్యాట్ పెంచం అని మూడు తలుపులూ ముందే మూసేసుకున్నారు. ప్రభుత్వ ఆదాయంలో సింహభాగం ఆ మూడింటి నుంచే వస్తుంది. ఈ లెక్కలు చూసే స్వతంత్ర సంస్థ ఐఎఫ్‌ఎస్ అప్పటి డైరెక్టర్ పాల్ జాన్సన్, రెండు పెద్ద పార్టీలూ కలిసి మౌనం పాటిస్తున్నాయని, రాబోయే కోతల గురించో పన్నుల గురించో ఎవరూ నోరు విప్పడం లేదని ఎన్నికల ముందే గట్టిగా చెప్పారు. అది చదివినవాళ్లెవరికీ ఆ అక్టోబరు బడ్జెట్ ఆశ్చర్యం కలిగించి ఉండదు. యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్‌ను ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ 13.8 నుంచి 15 శాతానికి పెంచారు. ఎంత జీతం దాటితే అది కట్టాలో ఆ పరిమితిని 9,100 పౌండ్ల నుంచి 5,000కు దించారు. ఉద్యోగి జీతంలోంచి కోసుకోలేదు కాబట్టి మాట తప్పలేదని ప్రభుత్వం వాదించింది. నా అభిప్రాయంలో ఓటరుకు అర్థమైన హామీ తప్పినట్టే. జీతాల పెంపు దగ్గర, కొత్తగా మనిషిని తీసుకునే దగ్గర ఆ భారం చివరికి ఉద్యోగి మీదికే వస్తుంది.

మీరు ఐటీలో ఉన్నారు కాబట్టి మీకు ఇంకా దగ్గరి విషయం ఒకటుంది. "రేట్లు పెంచం" అన్న హామీ రేట్ల గురించే చెప్తుంది. ఏ ఆదాయం నుంచి పన్ను మొదలవుతుందో చెప్పదు. పన్ను లేని మొదటి 12,570 పౌండ్లు, 40 శాతం పన్ను మొదలయ్యే 50,270 పౌండ్లు 2021 నుంచి కదలడం లేదు. అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునాక్ స్తంభింపజేశారు, తర్వాత ఆ పదవిలోకి వచ్చిన జెరెమీ హంట్ 2028 దాకా పొడిగించారు, 2025 నవంబరు బడ్జెట్‌లో లేబర్ ప్రభుత్వం మరో మూడేళ్లు పొడిగించింది. ధరలతో పాటు మీ జీతం పెరుగుతుంది, కొనగలిగేది పెరగదు, కానీ పన్ను ఎక్కువ కడతారు. ఏ పార్టీ మేనిఫెస్టోలో పన్నుల పేజీ తిప్పినా ముందు ఈ పరిమితుల గురించి ఒక్క వాక్యమైనా ఉందేమో వెతకండి. లేకపోతే ఆ మౌనాన్ని కూడా హామీలాగే చదవాలి.

"రేట్లు పెంచం" అన్న ఇలాంటి హామీ అంతకుముందు ఒకసారి చట్టం దాకా వెళ్లింది. 2015లో కన్జర్వేటివ్‌లు పన్ను రేట్లు పెంచమని చెప్పడమే కాదు, గెలిచాక దాన్ని చట్టంగానే చేశారు. 2017 మార్చిలో అప్పటి ఆర్థిక మంత్రి ఫిలిప్ హామండ్ స్వయం ఉపాధి పొందేవాళ్ల నేషనల్ ఇన్సూరెన్స్ పెంచబోయారు. ఆ చట్టం పరిధిలోకి అది రాదన్నారు. మేనిఫెస్టోలో రాసింది వేరని సొంత పార్టీ ఎంపీలే తిరగబడ్డారు. వారం తిరక్కుండానే వెనక్కి తీసుకున్నారు. కోర్టుకు పోయి మేనిఫెస్టోను అమలు చేయించలేం, నిజమే. కానీ ఇక్కడ ప్రభుత్వాన్ని పట్టి ఆపేది చాలాసార్లు వెనక బెంచీల్లో కూర్చున్న సొంత ఎంపీలే, వాళ్ల చేతిలో ఉండే ఆయుధం ఆ మేనిఫెస్టోనే. పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లోనూ దానికి విలువుంది. గెలిచిన పార్టీ మేనిఫెస్టోలో ఉన్న బిల్లును సూత్రప్రాయంగా తిరస్కరించకూడదని 1945 తర్వాత నుంచి పాటిస్తున్న సాల్స్‌బరీ సంప్రదాయం ఉంది. మేనిఫెస్టోలో లేనిదైతే లార్డ్స్ మరింత స్వేచ్ఛగా అడ్డుపడతారు. కాబట్టి అది కేవలం ప్రచార కరపత్రం అనుకోవద్దు.

వెనకబడ్డ పార్టీ హామీలకు ఉదాహరణ కావాలంటే అదే 2024. 20 పాయింట్ల వెనుక ఉన్న కన్జర్వేటివ్‌లు ఎన్నిక ప్రకటించిన కొద్ది రోజులకే, 18 ఏళ్లవాళ్లందరికీ నేషనల్ సర్వీస్ (సైన్యంలో గానీ సమాజ సేవలో గానీ పనిచేయడం) తప్పనిసరి చేస్తామన్నారు. దాన్ని ఎలా అమలు చేస్తారో తేల్చే పని తర్వాత ఏర్పాటయ్యే ఒక కమిషన్‌కు వదిలారు. జారిపోతున్న పెద్దవయసు ఓటర్లను, వలసలను గట్టిగా వ్యతిరేకించే రిఫార్మ్ యూకే పార్టీ వైపు పోకుండా ఆపడం దాని ఉద్దేశమని సర్వేలు చదివేవాళ్లకు వెంటనే అర్థమైంది. ఇక టీవీ డిబేట్‌లో అప్పటి ప్రధాని సునాక్, లేబర్ వస్తే ప్రతి కుటుంబం మీదా 2,000 పౌండ్ల పన్ను పడుతుందన్నారు. అది నాలుగేళ్ల మొత్తమని చెప్పలేదు. వినేవాళ్లు ఏడాదికి అనుకునే ప్రమాదం ఉందని గణాంకాల నియంత్రణ సంస్థ తప్పుపట్టింది. డిబేట్‌లో ఏ అంకె విన్నా "ఏడాదికా, ఐదేళ్లకా" అని అడగడం అలవాటు చేసుకోండి. చాలా అంకెలు అక్కడే సగానికి పైగా కరిగిపోతాయి.

హామీలన్నీ నీటి మీద రాతలు అన్న మాట కూడా నిజం కాదు. బ్రిటన్‌లో ఒకే పార్టీ సొంతంగా పాలించినప్పుడు హామీల్లో అధికభాగం ఏదో ఒక మేరకు అమలవుతున్నాయని రాజనీతిశాస్త్ర పరిశోధనలు చాలా కాలంగా చెప్తున్నాయి. 2019లో కన్జర్వేటివ్ ప్రధాని బోరిస్ జాన్సన్ మూడు అంకెలు చెప్పారు. ఇంగ్లండ్‌, వేల్స్‌లో 20,000 మంది పోలీసులు అదనంగా అన్నారు, 2023 మార్చికి అది పూర్తయింది. 2010 తర్వాత తీసేసిన పోలీసుల స్థానాన్నే చాలావరకు అది భర్తీ చేసిందన్నది వేరే సంగతి. 50,000 మంది నర్సులు అన్నారు, అదీ నెరవేరింది. ఎలా నెరవేరిందో మనకు తెలుసు, ఇండియా, ఫిలిప్పీన్స్ లాంటి దేశాల నుంచి విమానాలెక్కి వచ్చినవాళ్లతో. 40 కొత్త ఆస్పత్రులు అన్నారు. వాటిలో కొన్ని పాత ఆవరణలోనే కట్టే కొత్త బ్లాకులని తర్వాత తేలింది. 2030 నాటికి పూర్తి కావని జాతీయ ఆడిట్ కార్యాలయం 2023లో చెప్పింది. 2025 జనవరిలో వచ్చిన కొత్త ప్రణాళిక ప్రకారం కొన్నింటి నిర్మాణం 2030ల చివర్లో గానీ మొదలు కాదు. మనుషులను తీసుకునే హామీ ఐదేళ్లలో అవుతుంది. కట్టే హామీ కాదు. ఇప్పటి ప్రభుత్వం చెప్పిన 15 లక్షల ఇళ్లను కూడా నేను అదే కళ్లతో చూస్తున్నాను.

ఒక చిన్న మాట. ఆరోగ్యం, బడులు స్కాట్లండ్‌లో, వేల్స్‌లో, ఉత్తర ఐర్లండ్‌లో అక్కడి ప్రభుత్వాల చేతుల్లో ఉంటాయి. కార్డిఫ్‌లో ఉన్న మీ చుట్టాలకు వెస్ట్‌మినిస్టర్ పార్టీ చెప్పే ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ హామీ నేరుగా వర్తించదు.

మనకు అన్నిటికన్నా తగిలేది ఇమ్మిగ్రేషన్ హామీ. వలసదారుల నికర సంఖ్యను ఏటా పదుల వేలలోకి దించుతామని కన్జర్వేటివ్‌లు 2010 నుంచి మూడు ఎన్నికల్లో చెప్పారు, ఒక్కసారీ చేయలేదు. 2023లో ఆ సంఖ్య 9 లక్షలు దాటింది. అంకె తప్పినప్పుడల్లా జరిగేది ఏమిటంటే, మధ్యలో ఒక రోజు హడావుడిగా నిబంధనలు మారిపోతాయి. 2023 డిసెంబరులో ప్రకటించి, 2024 ఏప్రిల్ నుంచి స్కిల్డ్ వర్కర్ కనీస జీతాన్ని 26,200 నుంచి 38,700 పౌండ్లకు పెంచారు. కేర్ వర్కర్లు కుటుంబాన్ని తెచ్చుకోకుండా ఆపేశారు. ఆ జీతం అంకెలు ఏ మేనిఫెస్టోలోనూ లేవు. 2024లో లేబర్ మేనిఫెస్టో నికర వలసను తగ్గిస్తామని మాత్రమే అంది. 2025 మేలో వచ్చిన శ్వేతపత్రంలో శాశ్వత నివాస అనుమతి అయిన ఐఎల్‌ఆర్‌కు ఐదేళ్లకు బదులు పదేళ్లు అన్న ప్రతిపాదన ఉంది. పదేళ్ల మాట మేనిఫెస్టోలో లేదు. ఆ నెలల్లో సర్వేల్లో ఎవరు పైకి లేస్తున్నారో చూస్తే కారణం కనిపిస్తుంది. రిఫార్మ్ యూకే మొదటి స్థానానికి చేరింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆ పార్టీ ఐఎల్‌ఆర్‌నే రద్దు చేస్తామంది. అంటే మన వీసా నిబంధనల మీద ఎన్నికల నాటి మేనిఫెస్టో కన్నా ఎన్నికల మధ్య వచ్చే సర్వేల ప్రభావమే ఎక్కువ. ఇక్కడ స్థిరపడాలనుకునే ప్రతి తెలుగు కుటుంబం ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఎన్నికలప్పుడు మాత్రమే మేల్కొంటే చాలదు. మీ ఎంపీకి ఉత్తరం రాయడం, ప్రభుత్వం అభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు జవాబు పంపడం కూడా ఓటంత పనే చేస్తాయి.

ఇప్పుడు సర్వేల సంగతి. "ఎప్పుడూ తప్పే" అన్నది కూడా సరికాదు, కానీ తప్పే తీరు తెలుసుకోవాలి. 1992లో తప్పాయి, 2015లో తప్పాయి, రెండుసార్లూ కన్జర్వేటివ్‌లను తక్కువ చూపాయి. 2015 తర్వాత ప్రొఫెసర్ ప్యాట్రిక్ స్టర్జిస్ నాయకత్వంలో విచారణ జరిగింది. ఓటర్లు సిగ్గుపడి అబద్ధం చెప్పారన్న ప్రచారానికి ఆధారం దొరకలేదు. అసలు లోపం నమూనాలో ఉంది. ఫోన్ ఎత్తేవాళ్లు, ఆన్‌లైన్ ప్యానెల్‌లో చేరేవాళ్లు రాజకీయాలంటే ఆసక్తి ఉన్నవాళ్లు, వాళ్లలో లేబర్ వాళ్లు ఎక్కువ. ఇంటింటికీ పదేపదే వెళ్లి మనిషిని పట్టుకుని అడిగిన సర్వేల్లో లెక్క సరిగ్గానే వచ్చింది. కానీ దానికి నెలలు పడుతుంది, డబ్బు కూడా ఎక్కువ. ఇంకొకటి, అందరూ చెప్పినదానికి దూరంగా అంకె వస్తే బయటపెట్టడానికి సంస్థలు జంకుతాయి. సర్వేషన్ అనే సంస్థ ఆ ఎన్నికకు ముందురోజు చేసిన ఫోన్ సర్వేలో కన్జర్వేటివ్ 37, లేబర్ 31 వచ్చింది, దాదాపు అసలు ఫలితమే. అందరికన్నా వేరుగా ఉందని ప్రచురించలేదు. ఆ సంస్థ అధిపతే తర్వాత ఈ సంగతి చెప్పారు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోకూడని ఉదంతమిది.

2024లో కూడా సర్వేలు గెలిచేదెవరో సరిగ్గానే చెప్పి, ఎంత తేడాతో అన్నది తప్పాయి. చివరి సర్వేల సగటు ఆధిక్యం 17, 18 పాయింట్ల దగ్గరుంటే, వచ్చింది 10. లేబర్‌కు పడిన ఓట్లు 33.7 శాతమే. ప్రతి సర్వే కింద ఒక హెచ్చరిక ఉంటుంది, ఎవరూ చదవరు: పదింట తొమ్మిదిసార్లు ఒక పార్టీ అసలు బలం ఈ అంకెకు 4 పాయింట్లు అటోఇటో లోపల ఉంటుందని. బ్రిటిష్ పోలింగ్ కౌన్సిల్ సభ్యులు పాత ఎన్నికల అనుభవం చూసి పెట్టుకున్న లెక్కది. కాబట్టి నిన్న 27, ఇవాళ 29 అని పేపర్లో "దూసుకెళ్తున్న" శీర్షిక చూసి వాట్సాప్‌లో పంపకండి. ఆ రెండు పాయింట్లకు అర్థం లేదు. ఒకే సంస్థ నెల రోజులుగా ఏం చెప్తోందో చూస్తే అర్థం ఉంటుంది.

వాట్సాప్ అంటే గుర్తొచ్చింది. "బ్రిటన్‌లో ఇండియన్లు ఫలానా పార్టీ వైపు" అని తిరిగే అంకెల్ని దాదాపు పక్కనపెట్టొచ్చు. ఇంగ్లండ్, వేల్స్ జనాభాలో భారతీయ మూలాలున్నవాళ్లు 2021 జనగణన ప్రకారం 3.1 శాతం. 2,000 మంది సర్వేలో అరవై మంది వస్తారు. అరవై మందితో వచ్చే అంకె 12 పాయింట్లు అటూఇటూ ఊగుతుంది. వాళ్లలో పంజాబీలు, గుజరాతీలు, మలయాళీలు, మనం. తెలుగువాళ్లు ఎటున్నారో చెప్పగల జాతీయ సర్వే ఏదీ నేను చూడలేదు.

మీ ఇంట్లో రెండో స్నేహితుడి మాటకు అసలు జవాబు నియోజకవర్గంలో ఉంది. ఇక్కడ మన లోక్‌సభలాగే 650 చోట్ల వేర్వేరు పోటీలు. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లదే సీటు. 2024లో రిఫార్మ్‌కు దేశం మొత్తం మీద 14.3 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 5. లిబరల్ డెమోక్రాట్లకు 12.2 శాతం వస్తే సీట్లు 72. ఒకరి ఓటు దేశమంతా పలచగా పరుచుకుంది, ఇంకొకరి ఓటు దక్షిణ ఇంగ్లండ్‌లో గెలవగల చోట్ల గుమిగూడింది. జాతీయ సర్వే అంకె చూసి సీట్లు ఊహించడం అందుకే కష్టం. దీని కోసమే ఎమ్మార్పీ అనే పద్ధతి వచ్చింది. వేలమందిని అడిగి, వయసు, చదువు, గత ఓటు లాంటివాటితో గణిత నమూనా కట్టి, ఒక్కో నియోజకవర్గంలో ఎలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో చూసి ఫలితం అంచనా వేస్తారు. 2017లో సర్వే సంస్థ యూగవ్ ఈ పద్ధతితోనే హంగ్ వస్తుందని ముందే చెప్పింది, అప్పుడు ఎవరూ నమ్మలేదు. 2024కు వచ్చేసరికి ప్రతి పేపరూ ఒకటి ప్రచురించింది. లేబర్‌కు ఒకరు 430, ఒకరు 484, ఇంకొకరు 516 చెప్పారు. 411 వచ్చాయి. 516 చెప్పిన అంచనాలో సాక్షాత్తు ప్రధానమంత్రి సునాక్ సీటు పోతుందని ఉంది. ఆయన 12,000కు పైగా ఓట్లతో గెలిచారు. 50,000 మందిని అడిగినా ఒక్కో నియోజకవర్గానికి ఎనభై మంది కూడా రారు. మిగతాదంతా నమూనా చేసే ఊహ.

ఆ ఊహకు అందనిది స్థానిక పరిస్థితి. లెస్టర్‌నే తీసుకోండి. లేబర్ దేశాన్ని ఊడ్చేసిన రాత్రి, లెస్టర్ ఈస్ట్‌ను కన్జర్వేటివ్ అభ్యర్థి శివానీ రాజా గెలుచుకున్నారు. ఆ ఎన్నికలో ఆ పార్టీ కొత్తగా గెలిచిన సీటు అదొక్కటే. పాత లేబర్ ఎంపీలు కీత్ వాజ్, క్లాడియా వెబ్ ఇద్దరూ విడిగా నిలబడటంతో ఓటు చీలింది. పక్కనే లెస్టర్ సౌత్‌లో లేబర్ అగ్రనేత జోనాథన్ ఆష్‌వర్త్ ఒక ఇండిపెండెంట్ చేతిలో వెయ్యి లోపు ఓట్లతో ఓడిపోయారు. మీ స్లౌలో కూడా లేబర్ గెలిచినా రెండో స్థానం కన్జర్వేటివ్‌లది కాదు, ఇండిపెండెంట్ అభ్యర్థిది. జాతీయ సర్వేలో ఈ మనుషుల పేర్లే ఉండవు. ఇక తేడాల మాటకొస్తే, లండన్‌లో హెండన్ సీటును లేబర్ గెలిచింది 15 ఓట్లతో. 2017లో స్కాట్లండ్‌లోని నార్త్ ఈస్ట్ ఫైఫ్‌లో తేడా 2 ఓట్లు. ఒక ఇంట్లో ఉన్న మీ నలుగురి ఓట్లు దానికి రెట్టింపు.

ఎగ్జిట్ పోల్ వేరే జాతి. పోలింగ్ ముగిసే రాత్రి పదింటి వరకు దాన్ని బయటపెట్టడం చట్టరీత్యా నేరం. ఓటేసి బయటికొచ్చినవాళ్లనే అడుగుతారు, అదీ చాలావరకు గతంలో అడిగిన పోలింగ్ కేంద్రాల్లోనే, కాబట్టి మార్పు ఎంతో పట్టుబడుతుంది. 2015లో దాన్ని చూసి లిబరల్ డెమోక్రాట్ల పాత నాయకుడు పాడీ ఆష్‌డౌన్, ఇది నిజమైతే నా టోపీ తింటానన్నారు. నిజమైంది. 2024లో లేబర్‌కు 410 అంది, 411 వచ్చాయి. దాన్ని నమ్మొచ్చు, కానీ అప్పటికి మీ ఓటు పెట్టెలో పడిపోయి ఉంటుంది.

తర్వాతి ఎన్నిక 2029 ఆగస్టు లోపు ఎప్పుడైనా రావచ్చు. ఇప్పుడొస్తున్న సర్వేలను నేను జోస్యంగా చదవను. 2021 వసంతంలో కన్జర్వేటివ్‌లు ఎంతో ముందున్నారు, 2022 సెప్టెంబరులో ప్రధాని లిజ్ ట్రస్ మినీ బడ్జెట్ వచ్చిన కొద్ది వారాలకే కొన్ని సర్వేల్లో లేబర్ 30 పాయింట్లు దాటి ముందుకెళ్లింది. పార్టీలు వచ్చే మేనిఫెస్టోలో ఏం రాయడానికి భయపడతాయో తెలుసుకోవడానికి మాత్రం ఈ సర్వేలే పనికొస్తాయి, నేను వాటిని ఆ కంటితోనే చూస్తాను.

మీరు ముందు చెయ్యాల్సింది ఓటరు నమోదు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కొద్ది నిమిషాల పని, పోలింగ్‌కు 12 పనిదినాల ముందు గడువు ముగుస్తుంది. ఇల్లు మారితే మళ్లీ చెయ్యాలి, అద్దె ఇళ్లలో ఉండే మనవాళ్లు ఎక్కువగా జారవిడుచుకునేది ఇక్కడే. చదువుకునే పిల్లలు ఇంటి చిరునామాలోనూ, యూనివర్సిటీ చిరునామాలోనూ నమోదు కావచ్చు, పార్లమెంటు ఎన్నికలో ఓటు మాత్రం ఒక్కచోటే. పోలింగ్ కేంద్రానికి ఫొటో గుర్తింపు తప్పనిసరి. కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్టులు అంగీకరిస్తారు, కాబట్టి మన ఇండియన్ పాస్‌పోర్ట్ చాలు. మీ నలుగురూ ఒకే చిరునామాలో ఉన్నారు కాబట్టి ఈ శనివారమే కూర్చుని నమోదు పూర్తి చేసెయ్యండి. తర్వాత స్లౌలో పోటీ చేసే ఒక్కో అభ్యర్థికీ ఐఎల్‌ఆర్ గురించి, పన్ను పరిమితుల గురించి రెండు ప్రశ్నలు రాసి పంపండి. జవాబులొస్తే ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం.